మెత్తని చక్కెర బిస్కట్లు: మొదటి వంతు ఎవరిది?

చదువవలసిన వాక్యభాగములు: 1 రాజులు 17:8–16, హోషేయ 7:8, 1 కొరింథీయులకు 11:20–22, 33



క్రిస్మసు పండుగ సమీపించుచున్నది. గుడి గోడలకు సున్నము వేయుట, రంగు కాగితములు కత్తిరించుట, పిల్లలకు పాటలు నేర్పుట మొదలైనవి. ఇండ్లలో సకినాలకును, గర్జెలకును, అరిసెలకును పిండి సిద్ధమగుచున్నది. మా సంఘములో స్త్రీలు కొన్ని సంవత్సరములుగా చక్కెర బిస్కట్లు కూడ చేసి, పండుగ ఆరాధన తరువాత అందరికిని పంచుచున్నారు. ఈ నెల పాఠము ఆ బిస్కట్లను గూర్చినదే.

“ధ్యానముండవలసిన పుటలో బిస్కట్ల సంగతి ఏల?” అని కొందరు అడుగవచ్చును. పరిశుద్ధ గ్రంథములో పిండి, నూనె, పొయ్యి, పెనము అను మాటలు ఎన్ని తావుల వచ్చుచున్నవో వెదకి చూచినయెడల ఆ ప్రశ్న మరల రాదు. శారా అతిథులకొరకు పిండి పిసికెను (ఆదికాండము 18:6). లేవీయకాండము 2వ అధ్యాయములో పొయ్యిలో కాల్చిన దానిని, పెనముమీద కాల్చిన దానిని, కుండలో వండిన దానిని వేరువేరుగా చెప్పి ప్రతిదానికి విధానము వ్రాయబడినది. అరణ్యములో దొరికిన మన్నా రుచి ఎట్టిదో చెప్పవలసి వచ్చినప్పుడు, తేనె కలిపి చేసిన అప్పముతో దానిని పోల్చిరి (నిర్గమకాండము 16:31). కావున వంటయింటి పనిని మనము చిన్నచూపు చూడరాదు.

ముందుగా నా పొరపాటు ఒకటి మీ యెదుట ఒప్పుకొని, తరువాత బిస్కట్లు చేయు విధానము వివరించెదను.

1. కొంగున కట్టిన బిస్కట్టు

నేను ఈ సంఘమునకు వచ్చిన మొదటి క్రిస్మసు అది. ముందటి రాత్రి స్త్రీల సమాజమువారు మా యింటి పెరటిలో కూడుకొని, పెద్ద డేగిసాలో ఇసుక పోసి, బిస్కట్లు కాల్చిరి. ఉదయమున ఆరాధనకు ముందే ఒక పళ్లెమునిండ మాకు తెచ్చి ఇచ్చిరి. మేము తింటిమి. అవి వెన్నవలె మెత్తగా ఉండెను. నేను వారిని మెచ్చుకొంటిని. ఆ దినము ప్రసంగములో, పశువుల తొట్టిలో పరుండిన శిశువు అందరివాడని, ఆయన పండుగలో అందరికి సమాన భాగము కలదని గట్టిగా చెప్పితిని.

ఆరాధన ముగిసిన తరువాత మనిషికి మూడు చొప్పున బిస్కట్లు పంచిరి. వెనుక వరుసలో కూర్చున్న ముసలి అవ్వ తన మూడింటిని తినక కొంగున కట్టుకొనుట చూచితిని. మనుమల కొరకని తలంచి సంతోషించితిని.

పది దినములైన తరువాత ఆ అవ్వ జ్వరముతో ఉన్నదని విని ప్రార్థనకు వెళ్లితిని. ఆమెకు మనుమలు లేరు, ఒంటరిది. గోడగూటిలో దీపపుబుడ్డి ప్రక్కన ఆ మూడు బిస్కట్లును అట్లే ఉండెను.

“అవ్వా, తినలేదేమి?” అని అడిగితిని.

ఆమె నవ్వినది. “పండ్లుంటె గద అయ్యగారూ నమిలెటందుకు! చాయ్‌ల ముంచి సూసిన, మెత్తగ గాలె. పండుగ బిస్కట్లాయె, పారేయబుద్ధి గాలె. గందుకే పెట్టుకున్న” అనెను.

నేను ఒకటి చేతికి తీసికొని విరువజూచితిని. రెండు చేతులు పెట్టవలసి వచ్చెను. మా యింట తిన్నవియు ఇవియు ఒకే పిండితో చేసినవేనా అని నాకు అనుమానము కలిగెను. ఇంటికి వచ్చి నా భార్యను అడిగితిని. ఆమె కొంతసేపు ఆలోచించి సత్యము చెప్పెను. మొదటి వాయి బిస్కట్లు సరిగా కాలలేదేమో అను భయముతో తొందరగా మూత తీసి చూచిరట. అవి మెత్తగా వచ్చెను. “ఇవి బాగున్నయి, అయ్యగారింటికి పెట్టున్రి” అని వేరుగా తీసిరట. తరువాతి వాయిలు బాగుగా ఎర్రబడువరకు కాల్చిరట. అవి రాయివలె గట్టిపడెను. అవి సంఘమునకు పంచిరి.

సహోదరులారా, వారి తప్పేమియు లేదు. గౌరవముతో చేసిరి. కాని మంచి వంతు మొదట నా పళ్లెములోనికి వచ్చుటచేతనే, మిగిలినవారి వంతు ఎట్లున్నదో నాకు తెలియలేదు. సమాన భాగమని ప్రసంగించిన నోటితోనే ఆ మెత్తని బిస్కట్లు తింటిని. ఇది నాకు పాఠమాయెను.

2. బిస్కట్టు ఏల గట్టిపడును?

మరుసటి నెలనుండి నేనును నా భార్యయును మెత్తని బిస్కట్టు చేయుట నేర్చుకొనవలెనని పూనుకొంటిమి. మొదటి పర్యాయము నీళ్లు ఎక్కువ పోసితిమి. అవి ఉడికిన పిండిముద్దలైనవి. రెండవ పర్యాయము తినే సోడా ఎక్కువ వేసితిమి; పొంగినవి గాని సబ్బు రుచి వచ్చెను, కుక్కయు ముట్టలేదు. మూడవ పర్యాయమునకు కారణములు వెదకితిమి. ముఖ్యమైనవి నాలుగు.

మొదటిది, పిసుకుట. మన స్త్రీలు జొన్నరొట్టె చేయుటలో ఆరితేరినవారు. జొన్నపిండిలో సాగెడి జిగురు లేదు. అందుచేత మరిగిన నీళ్లు పోసి, అరచేతి మడమతో ఎంత బాగుగా పిసికిన రొట్టె అంత బాగుగా వచ్చును. గోధుమనుండి వచ్చు మైదా అట్టిది కాదు. అందులోని మాంసకృత్తులు నీళ్లు తగిలి, పిసికినకొలది, రబ్బరువంటి జిగురుగా అల్లుకొనును. కావలసినయెడల చూడుడి: చిన్న మైదాముద్దను గిన్నె నీళ్లలో పిసికి పిసికి కడిగినచో తెల్లని గంజి పోయి, చేతిలో సాగెడి ముద్ద మిగులును. పరోటాకు అది మంచిదే. బిస్కట్టునకు అది శత్రువు. జొన్నరొట్టె చేసిన చెయ్యి అదే బలముతో మైదాను పిసికినది. అందుకే మా బిస్కట్లు బిగుసుకొనెను. చెయ్యి మంచిదే, పిండి వేరు.

రెండవది, కాల్చుట. రొట్టె పెనముమీద ఉండగానే పూర్తిగా కాలవలెను. బిస్కట్టు అట్లుకాదు. దానిలోని చక్కెర వేడికి కరగి, చల్లారినప్పుడు గట్టిపడును. వేడిమీద సరిగా ఉన్నదనిపించిన బిస్కట్టు చల్లారిన తరువాత గట్టిదగును. కావున నడుమ ఇంకను పచ్చిగా ఉన్నట్లు కనబడుచుండగనే తీయవలెను. మొదటి వాయి మెత్తగా వచ్చిన రహస్యమిదియే.

మూడవది, తేమ. చక్కెర తేమను పట్టియుంచును; బెల్లము ఇంకను బాగుగా పట్టియుంచును. అందుచేత చక్కెరలో కొంత భాగమునకు బదులు బెల్లపు పొడి వేసిన బిస్కట్టు ఎక్కువ దినములు మెత్తగా నిలుచును. పెరుగు, గ్రుడ్డులోని పచ్చసొన కూడ మెత్తదనమునకు తోడ్పడును.

నాలుగవది, కొవ్వు. వెన్న పిండి రేణువులకు పూతవలె పట్టి నీటిని అడ్డగించును. జిగురు అల్లుకొనకుండ చేయును. ఖర్చు తగ్గించుటకు వెన్న మరీ తగ్గించి నీళ్లు పోసినయెడల బిస్కట్టు గట్టిపడక మానదు.

3. ఈ బిస్కట్టు ఎక్కడనుండి వచ్చినది?

అమెరికాలోని పెన్సిల్వేనియాలో 1740వ సంవత్సరమున మొరేవియను సంఘస్థులు నజరేతు అను పేరుతో ఒక ఊరు ఏర్పరచుకొనిరి. వెన్న, చక్కెర, పిండి, గ్రుడ్డు కలిపి చేయు మెత్తని చక్కెర బిస్కట్టు ఆ ఊరివారి పేరిట ప్రసిద్ధి పొందినది. మన దేశములో దీనికి దగ్గరి బంధువు నాన్‌ఖటాయి. సూరతులో డచ్చివారి కాలపు రొట్టెల బట్టీలనుండి అది పుట్టినదని చెప్పుకొందురు. హైదరాబాదు వెళ్లినవారు ఉస్మానియా బిస్కట్టు ఎరుగుదురు. 1911 నుండి 1948 వరకు ఏలిన నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాను పేరు దానికి వచ్చినది. దేశ విభజన తరువాత సింధునుండి వలస వచ్చిన ఖాన్‌చంద్ రామ్నాని 1953లో మొజంజాహి మార్కెట్టు దగ్గర కరాచీ బేకరీ పెట్టి పండ్ల బిస్కట్లకు పేరు తెచ్చెను. చూడుడి, ఇల్లు వాకిలి విడిచి వచ్చినవారు కూడ పిండిని, చక్కెరను నమ్ముకొని జీవించిరి.

ఇంకొక సంగతి నా మనస్సును మిగుల కదిలించినది. ఇంగ్లాండులోని బర్మింగ్‌హాములో ఆల్ఫ్రెడ్ బర్డ్ అను మందుల వ్యాపారి ఉండెను. ఆయన భార్యకు పులియబెట్టు ఈస్టు పడదు. అందువలన రొట్టె తినలేకుండెను. ఆమె తినగలిగిన రొట్టె కావలెనని ఆయన ప్రయత్నించి 1843లో బేకింగ్ పౌడరు తయారుచేసెను. ఆమెకు గ్రుడ్డు కూడ పడదు గనుక అంతకుముందే, 1837లో, గ్రుడ్డు లేని కస్టర్డు పొడి చేసెను. నేడు లోకమంతట వాడు ఆ పొడి ఇంట తినలేని ఒక్క మనిషిని తలంచుకొని చేసినది. మన అవ్వ సంగతియు ఇట్టిదే గదా!

4. కావలసిన వస్తువులు

ఈ కొలతకు సుమారు 24 బిస్కట్లు వచ్చును.

మైదా — పావు కిలో (250 గ్రాములు)
వెన్న — 100 గ్రాములు
చక్కెర — 90 గ్రాములు, మెత్తగా పొడి చేసినది
బెల్లపు పొడి — 35 గ్రాములు (లేనియెడల అంతయు చక్కెరయే, 125 గ్రాములు)
గ్రుడ్డు — 1
గట్టి పెరుగు — 2 పెద్ద చెంచాలు
తినే సోడా — పావు చిన్న చెంచా, మించరాదు
బేకింగ్ పౌడరు — అర చిన్న చెంచా
ఉప్పు — చిటికెడు
యాలకుల పొడి — కొంచెము

గ్రుడ్డు తిననివారు దానికి బదులు మరి మూడు పెద్ద చెంచాల పెరుగు వేసికొనవచ్చును. ఇంటి గేదె వెన్న అన్నిటికంటె మంచిది. మజ్జిగ నీరు పిండి తీసివేయవలెను. వనస్పతి చౌక యని వాడువారున్నారు. నూనెలలోను వనస్పతిలోను ఉండు ట్రాన్స్ కొవ్వు గుండెకు హాని చేయును గనుక, అది నూటికి 2 వంతులు మించరాదను నిబంధన మన దేశములో 2022 జనవరి నుండి అమలులో నున్నది. కావున విడిగా అమ్ము పేరులేని సరుకు కొనక, ముద్రవేసిన డబ్బా చూచి కొనుడి. శక్తిగలవారు వెన్ననే వాడుడి.

5. చేయు విధానము

మొదట మైదా, సోడా, బేకింగ్ పౌడరు, ఉప్పు కలిపి రెండు పర్యాయములు జల్లించి ప్రక్కన పెట్టుడి. సోడా ఒకచోట ఉండ కట్టినయెడల ఆ బిస్కట్టు చేదగును.

వెన్న కరగరాదు, వ్రేలితో నొక్కిన పల్లము పడునంత మెత్తగా ఉండవలెను. దానిలో చక్కెర, బెల్లపు పొడి వేసి, చెక్క గరిటెతో ఒకే వైపు తిప్పుచు, రంగు తేలికపడి నురుగువలె అగువరకు కలుపుడి. ఇక్కడ బలము చూపవచ్చును. పిండి ఇంకను కలువలేదు గనుక ఎంత కలిపినను నష్టము లేదు. తరువాత గ్రుడ్డు, పెరుగు, యాలకుల పొడి వేసి కలుపుడి. ముక్కలైనట్లు కనబడినను భయపడకుడి.

ఇప్పుడు జల్లించిన పిండిని మూడు విడతలుగా వేయుడి. ఇక్కడ చెయ్యి ఆపుకొనవలెను. పొడి పిండి కనబడకుండ పోయిన వెంటనే కలుపుట మానుడి. పిసుకవద్దు. ముద్ద కొంచెము చేతికి అంటుకొనుచుండును, అది సరియే. మరల పిండి చల్లి గట్టిపరచకుడి. గిన్నెపై మూత పెట్టి, చల్లని తావున అరగంట, ఫ్రిజ్జు ఉన్నవారు అందులో ఒక గంట ఉంచుడి. వెన్న బిగుసుకొని, బిస్కట్టు పళ్లెములో పరచుకొని పోక నిలుచును.

చేతికి కొంచెము వెన్న రాచుకొని, పెద్ద ఉసిరికాయంత ఉండలు చేసి, అర అంగుళము మందము ఉండునట్లు మెల్లగా అదుముడి. వెన్న రాచి పిండి చల్లిన పళ్లెములో రెండంగుళముల ఎడముగా పెట్టుడి. కావలసినవారు పైన కొంచెము చక్కెర చల్లవచ్చును. పచ్చి పిండి ముద్దను పిల్లలు నాకకుండ చూడుడి. పచ్చి పిండివలనను, పచ్చి గ్రుడ్డువలనను కడుపు చెడవచ్చును.

6. ఓవెను లేని యింట

కరెంటు ఓవెను ఉన్నవారు 180 డిగ్రీల వేడిలో 10 లేక 11 నిమిషములు కాల్చిన చాలును. మన ఇండ్లలో చాలవరకు అది లేదు. దిగులుపడవలదు.

మందమైన పాత డేగిసా గాని, పాత ప్రెషరు కుక్కరు గాని తీసికొనుడి. అడుగున ఒక అంగుళము ఎత్తున శుభ్రమైన పొడి ఇసుక గాని, దొడ్డు ఉప్పు గాని పరచి, దానిపై చుట్టకుదురు వంటి ఇనుప స్టాండు పెట్టుడి. కుక్కరైనయెడల మూతనుండి రబ్బరును, విజిలును తప్పక తీసివేయవలెను. నీళ్లు పోయరాదు. మూత పెట్టి, మధ్యరకపు మంటమీద 10 నుండి 15 నిమిషములు వేడి చేయుడి. తరువాత బిస్కట్ల పళ్లెమును స్టాండుమీద ఉంచి, మూత పెట్టి, మంట తగ్గించుడి. 15 నుండి 18 నిమిషములలో కాలును. మొదటి వాయికి పన్నెండవ నిమిషముననే ఒకసారి చూచుడి. ఒక్కొక్క పొయ్యిది ఒక్కొక్క గుణము. రెండవ వాయికి డేగిసా బాగుగా వేడెక్కి యుండును గనుక సమయము తగ్గును. మా స్త్రీలు ఇది గమనింపక అన్నిటికిని ఒకే సమయము, కొన్నిటికి ఎక్కువ సమయము ఉంచిరి.

కట్టెల పొయ్యిమీద చేయువారు మూతపై కొన్ని నిప్పులు ఉంచినయెడల పైభాగమునకును వేడి తగులును. అయితే తలుపులు మూసిన గదిలో బొగ్గులు మండించరాదు. ఆ పొగలో వాసన లేని విషవాయువు కలదు, నిద్రలోనే ప్రాణము తీయును. పెరటిలోనో, గాలి వచ్చు వసారాలోనో చేయుడి.

తీయవలసిన గురుతు ఇది: అంచులు ఆరినట్లుండి, అడుగు లేత బంగారు రంగు తిరిగి, నడిభాగము వ్రేలితో తాకిన ఇంకను మెత్తగా దిగవలెను. పైభాగము ఎర్రబడువరకు ఆగవద్దు. తీసిన తరువాత పళ్లెములోనే ఐదు నిమిషములు వదలిపెట్టుడి. ఆ వేడితోనే మిగిలినది కాలును. వెంటనే ఎత్తినయెడల విరిగిపోవును. పూర్తిగా చల్లారిన పిమ్మట మూత బిగువుగా పట్టు డబ్బాలో ఉంచుడి. డబ్బాలో ఒక రొట్టెముక్క వేసినయెడల దాని తేమను బిస్కట్లు తీసికొని మెత్తగా నిలుచును. రొట్టెముక్క ఎండిపోయిన మార్చుడి. నాలుగైదు దినములలో తినివేయుట మంచిది.

7. తిరగవేయని రొట్టె

హోషేయ ప్రవక్త ఎఫ్రాయిమును తిరగవేయని అప్పముతో పోల్చెను (7:8). పెనము ఎరిగిన మన స్త్రీలకు ఈ పోలిక వివరింప నక్కరలేదు. రొట్టెను తిరగవేయకున్న క్రిందివైపు మాడును, పైవైపు పచ్చిగా ఉండును. అది ఇటు తినుటకును పనికిరాదు, అటు దాచుటకును పనికిరాదు.

నా ప్రసంగము అట్టిదే ఆయెను. మాట వైపు బాగుగా కాలినది. చేత వైపు పచ్చిగా మిగిలినది. సంఘములలో ఈ లోపము తరచుగా కలుగుచుండును. కొరింథులో కూడి భుజించుచుండగా ఒకడు తృప్తిగా తిని, మరియొకడు ఆకలితో ఉండెను. పౌలు దానిని చిన్న విషయమని విడువలేదు. లేనివారిని సిగ్గుపరచుచున్నారని గద్దించి, ఒకరికొరకు ఒకరు కనిపెట్టుకొనవలెనని బోధించెను. విందులో ఎవరు ముందు తినిరి, ఎవరికి ఏది దక్కెను అను సంగతి అపొస్తలునికి చిన్నదిగా తోచలేదు. మనకును తోచరాదు.

సారెపతు విధవరాలి సంగతి మనకు తెలిసినదే. కరవు కాలము. కుండలో పట్టెడు పిండి, బుడ్డిలో కొంచెము నూనె. తానును కుమారుడును తిని చావవలెనని రెండు పుల్లలు ఏరుకొనుచున్న ఆమెను, ముందు తనకొక చిన్న అప్పము చేసి తెమ్మని ఏలీయా అడిగెను. ఈ భాగము చూపి, పేదల పిండిలో మొదటి వంతు దైవసేవకునిదే అని చెప్పుట నేను వినియున్నాను. మొదటి పళ్లెము మా యింటికి వచ్చునప్పుడు నాకును ఆ తలంపు సుఖముగానే ఉండెను. అయితే 15వ, 16వ వచనములు చదువుడి. ఆమెయు, ఆయనయు, ఆమె యింటివారును అనేక దినములు తినిరి. పిండి తరుగలేదు. ఏలీయా ఆకలిగొన్న పరదేశియై వచ్చెను. ఆ యింటి ఆకలి తీరకుండ తాను మాత్రము తిని పోలేదు. సేవకుడు తిని, విధవరాలు నమలలేక గూటిలో పెట్టుకొనుట ఆ కథలో లేదు. అది మా సంఘములో జరిగినది.

మన ప్రాంతమువారు ఎరిగిన దృష్టాంతమొకటి కలదు. మెదకులోని పెద్ద దేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడెను. అది చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారి కాలమున, కరవు పీడించు దినములలో కట్టబడినది. ఆకలిగొన్నవారికి పని కల్పించి అన్నము పెట్టుటయు ఆ కట్టడముతోపాటు సాగినది. క్రిస్మసునాడు ఆ గుడిని చూడబోవువారు గోపురమును చూచి ఆశ్చర్యపడుదురు. ఆ రాళ్లు మోసినవారు తిన్న అన్నమును కూడ జ్ఞాపకము చేసికొనవలెను.

8. మరుసటి క్రిస్మసు

మరుసటి సంవత్సరము పండుగకు ముందు స్త్రీల సమాజములో నేను ఈ సంగతి అంతయు చెప్పి క్షమాపణ అడిగితిని. కొందరు సిగ్గుపడిరి. ఒక సహోదరి మాత్రము, “అయ్యగారింటికి కడ్మల పెడితె ఎట్ల?” అని అడిగెను. “కడపటనే పెట్టుడి, కాని గట్టివి పెట్టకుడి” అని నేననగా అందరు నవ్విరి.

ఆ రాత్రి పిండిని ఎవరు పిసుకలేదు. మొదటి వాయి దిగగానే, పండ్లు లేనివారికి, పడకమీదనున్నవారికి, చిన్న బిడ్డలకు అని వేరుగా తీసిరి. ఉదయమున ఆరాధన కాకముందే ఇద్దరు యౌవనస్థులు ఆ పళ్లెము పట్టుకొని ఇల్లిల్లు తిరిగిరి. అవ్వ యింటికి నేనును వెళ్లితిని. ఆమె బిస్కట్టు తీసికొని, అలవాటుచొప్పున కొంగు వెదకుకొనెను. తరువాత వ్రేళ్లతో నొక్కి చూచెను. అది విరిగెను. చాయ్ అవసరము కూడ లేకుండ చిగుళ్లతోనే తినెను. రెండవది తిని, మూడవదానిని కొంగున కట్టబోయి, “గీ ప్రక్కింటి ముసలాయనకు గూడ పండ్లు లెవ్వు. ఆయన మన గుడికి రాడు గని, ఇయ్యొచ్చునా?” అని అడిగెను.

నేను పళ్లెములోని బిస్కట్లు మరి నాలుగు ఆమె చేతిలో పెట్టితిని. ఆమె కట్టె పట్టుకొని తానే తీసికొని పోయెను.

నేడు ఆ అవ్వ లేదు. అయినను మా సంఘములో మొదటి వాయి ఎవరిదో ఇప్పుడు ఎవరు చెప్పనక్కరలేదు. స్త్రీలు దానికి “అవ్వ వాయి” అని పేరు పెట్టిరి.

పంచువారికి మూడు జాగ్రత్తలు: చక్కెర వ్యాధిగలవారికి అడుగకుండ పెట్టవద్దు, ఒక్కటి చాలునేమో వారినే అడుగుడి. పడకమీదనున్నవారిని లేపి కూర్చుండబెట్టి, చిన్న ముక్కలు చేసి, పాలలోనో చాయ్‌లోనో నానబెట్టి ఇయ్యుడి. పండుకొని తినునప్పుడు పొడి గొంతున అడ్డుపడవచ్చును. గ్రుడ్డు తినని పొరుగువారికి పంపునప్పుడు గ్రుడ్డు లేనివి వేరు డబ్బాలో పంపి, ఆ మాట చెప్పుడి. వారి నమ్మికను కాపాడుటయు ప్రేమలో భాగమే.

కూటములలో మాటలాడుకొనుటకు ప్రశ్నలు

1. మన సంఘపు విందులలో మొదట ఎవరు తినుచున్నారు? కడపట ఎవరికి మిగులుచున్నది?
2. జొన్నపిండికి తగిన పద్ధతి మైదాకు తగదు. అట్లే ఒకరికి తగిన సహాయము మరియొకరికి తగకపోవచ్చును. మన సంఘములో ఇట్టి ఉదాహరణలు ఏవి?
3. మనము పంచినదానిని తినలేక గూటిలో పెట్టుకొన్నవారు ఎవరైన ఉన్నారా? వారి యింటికి వెళ్లి ఎన్ని దినములైనది?
4. సారెపతు విధవరాలి సంగతిలో ఎవరెవరు తినిరి? ఎన్ని దినములు?

ప్రార్థన

తొట్టిలో పరుండిన ప్రభువా, మా చేతులకు పనితనమును, ఆపుకొనవలసిన చోట ఆపుకొను బుద్ధిని దయచేయుము. మా పండుగలో బలహీనుల వంతును మేము మరువకుండ చేయుము. మేము చెప్పినదియు చేసినదియు రెండు వైపుల కాలిన రొట్టెవలె ఉండునట్లు మమ్మును తిరగవేయుము. ఆమేన్.